ఎడారిలో మేల్కొనే ఇంజను: పాత ట్రాక్టరు పునరుద్ధరణలోని విజ్ఞానం

సౌదీ అరేబియా అనగానే మన వారి మనస్సులో మెదిలేవి చమురు బావులు, ఇసుక తిన్నెలు. ఈ దేశానికి ఒక వ్యవసాయ చరిత్ర కూడా ఉన్నదని తెలిసినవారు తక్కువ. 1942లో కార్ల్ ట్విచెల్ నాయకత్వాన అమెరికా నుండి ఒక వ్యవసాయ బృందం వచ్చి ఇక్కడి నీటి వనరులను పరిశీలించింది. రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ ఖర్జ్ ప్రాంతంలో సహజసిద్ధమైన లోతైన నీటిగుండాలు ఉండేవి. వాటికి పంపులు అమర్చి, కాలువలు త్రవ్వి, 1940లలోనే అక్కడ యంత్ర సహాయంతో సేద్యం సాగించారు.

తరువాతి కథ ఇంకా విచిత్రమైనది. 1970ల చివర ప్రభుత్వం టన్ను గోధుమకు 3,500 రియాళ్ళ మద్దతు ధర ప్రకటించింది. 1980ల మధ్యకు దేశం గోధుమలో స్వయంసమృద్ధి సాధించింది. 1992 నాటికి దిగుబడి 40 లక్షల టన్నుల స్థాయికి చేరింది. అయితే ఆ పంటకు పారిన నీరు వేల సంవత్సరాల క్రిందట భూగర్భంలో చేరినది. తోడినకొద్దీ తరిగేదే కాని, వర్షంతో మళ్ళీ నిండేది కాదు. ఈ సత్యాన్ని గుర్తించి 2008లో ప్రభుత్వం గోధుమ కొనుగోళ్ళను ఏటేటా తగ్గించాలని నిర్ణయించింది. 2016లో కొనుగోలు నిలిచింది. ఆ తరువాత కొద్దిపాటి సాగుకు మాత్రం తిరిగి అనుమతి లభించింది.

పొలం ఆగితే యంత్రమూ ఆగుతుంది. షెడ్ల వెనుక, ఖర్జూర తోటల మూలల్లో నిలిచిపోయిన పాత ట్రాక్టర్లు ఈ దేశంలో నేటికీ కనబడతాయి. వాటిలో ఒకదానిని మళ్ళీ నడిపించవచ్చునా? నడిపించాలంటే ఏమి తెలిసి ఉండాలి? పాఠశాలలో చదువుకున్న భౌతిక, రసాయన శాస్త్రాలు ఇక్కడ ఎంతవరకు పనికివస్తాయి? పిల్లలకూ పెద్దలకూ ఉపయోగపడేలా ఈ ప్రశ్నలకు సమాధానాలు చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణగా, ప్రపంచమంతటా పేరుపొందిన మాసీ ఫెర్గూసన్ 135 ట్రాక్టరును తీసుకుందాం.

మద్రాసుతో చుట్టరికం

ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ ట్రాక్టరుకూ నాగలికీ మధ్య మూడు బిందువుల బంధాన్ని, దానిని నడిపే హైడ్రాలిక్ పద్ధతినీ రూపొందించాడు. అంతకుముందు నాగలి ట్రాక్టరు వెనుక ఈడ్చుకుంటూ వచ్చే బరువు మాత్రమే. ఫెర్గూసన్ పద్ధతిలో నేల నాగలిని లాగే బలమే ట్రాక్టరు వెనుక చక్రాలను నేలకు అదిమి పట్టు పెంచుతుంది. అందువలన తేలికపాటి ట్రాక్టరు కూడా బరువైన పని చేయగలిగింది. 1946లో వెలువడిన ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టర్ల మీదనే ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువాన్ని చేరింది. మంచు ఖండంలో నడిచిన ఆ వంశమే ఎండ ఖండాలలోనూ నడిచింది.

ఫెర్గూసన్ సంస్థ 1953లో మాసీ హారిస్ సంస్థతో కలిసింది. 1959లో పెర్కిన్స్ ఇంజన్ల సంస్థ కూడా వారి చేతికి వచ్చింది. 1964లో వెలువడిన 135 మోడలులో డీజిలు రకానికి ఉన్నది పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజనే. ఇక మన వైపు చూస్తే, 1960లో మద్రాసులో స్థాపించబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్లు తయారు చేసింది. మద్రాసుకే చెందిన సింప్సన్ సంస్థ పెర్కిన్స్ ఇంజన్లను లైసెన్సుపై తయారు చేసింది. కృష్ణా, గోదావరి డెల్టాలలోనో కరీంనగర్, నిజామాబాద్ పల్లెలలోనో పెరిగినవారికి ‘సింప్సన్ ఇంజను’ అన్న మాట కొత్తది కాదు. కాబట్టి అల్ ఖర్జ్‌లో నిలిచిపోయిన ఆ ఎర్రని ట్రాక్టరు మన ఊరి ట్రాక్టరుకు దాయాది అన్నమాట.

సనాయియా: యంత్రాల ఆసుపత్రి

సౌదీలోని ప్రతి పట్టణానికీ పొలిమేరలో ఒక పారిశ్రామిక పేట ఉంటుంది. దానిని సనాయియా అంటారు. కార్ఖానాను వర్షా అనీ, టైర్ల మరమ్మతు కొట్టును బన్‌షర్ అనీ, పాత వాహనాల విడిభాగాలు అమ్మే చోటును తష్లీహ్ అనీ పిలుస్తారు. ఇక్కడ పనిచేసేవారిలో అధికులు భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ తదితర దేశాల నుండి వచ్చిన కార్మికులే. వారిలో తెలుగువారూ ఉన్నారు. హిందీ, ఉర్దూ, అరబ్బీ కలిసిన ఒక మిశ్రమ భాషలో ఇక్కడి వ్యవహారం నడుస్తుంది.

ఈ పేటలోని పని విభజన గమనించదగినది. ఇంజను విప్పేది ఒకరు, డీజిలు పంపు చూసేది మరొకరు, లేతు మీద పనిచేసేది ఇంకొకరు. రేడియేటరుకు వేరు, కరెంటు పనికి వేరు, రంగుకు వేరు. ఆసుపత్రిలో కంటి వైద్యుడు గుండెను ముట్టనట్లే, ఇక్కడ మంచి మిస్త్రీ తనది కాని పనిని తాను చేపట్టడు. పక్క కొట్టుకు పంపుతాడు. అందుచేత ట్రాక్టరును బాగుచేయదలచినవారు ఏ పని తాము చేసుకోగలరో, ఏ పని కార్ఖానాకు అప్పగించాలో ముందుగానే నిర్ణయించుకోవాలి. విప్పడం, కడగడం, తుప్పు తీయడం, కొలతలు వ్రాసుకోవడం, రంగు వేయడం ఇంటివారు చేసుకోవచ్చు. సిలిండరు బోరింగు, క్రాంకు గ్రైండింగు, డీజిలు పంపు, నాజిళ్ళ పరీక్ష మాత్రం తగిన యంత్రాలున్న చోటే జరగాలి.

రెండు జాగ్రత్తలు ముఖ్యం. మొదటిది, బండి యజమాని ఎవరో తెలిపే పత్రం, ఇక్కడి మాటలో ఇస్తిమారా, చూడకుండా పాత ట్రాక్టరును కొనరాదు. రెండవది, చట్టబద్ధమైన అనుమతి లేని చోట కూలికి పనిచేయడం ఇక్కడి చట్టానికి విరుద్ధం. సరదాగా నేర్చుకోవడం వేరు, సొమ్ము పుచ్చుకోవడం వేరు. వేసవిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు ఎండలో కార్మికులచేత పనిచేయించడం నిషిద్ధం. ఇంటివారు సైతం ఈ నియమాన్ని పాటించడం ఆరోగ్యకరం. ఎండలో నిలిచిన ఇనుము చేతిని కాలుస్తుంది.

విప్పక ముందు చూపు

పాత యంత్రాన్ని చూడగానే స్టార్టు చేసి చూడాలన్న ఉత్సాహం కలుగుతుంది. ఆ ఉత్సాహమే చాలా ఇంజన్లకు చేటు తెచ్చింది. నలభై ఏళ్ళు ఎండకూ దుమ్ముకూ ఓర్చిన ఇంజను ఒక్క నిమిషపు తొందరకు పాడయ్యే ప్రమాదం ఉన్నది. అందుచేత మొదట చేయవలసినది పరీక్ష మాత్రమే.

నూనె కొలిచే పుల్లను తీసి చూడాలి. నూనె మజ్జిగ రంగులో ఉంటే నీరు కలిసిందని అర్థం. రేడియేటరు మూత తీసి లోపల తుప్పునీరు ఉన్నదా, నూనె తెట్టె ఉన్నదా గమనించాలి. గాలి పీల్చే గొట్టంలో పక్షులు, ఎలుకలు గూడు కట్టి ఉండవచ్చు. సైలెన్సరు పైమూత ఊడిపోయి ఉంటే వాననీరు నేరుగా సిలిండరులోకి దిగి ఉంటుంది. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. నీరు నిండిన సిలిండరులో పిస్టన్‌ను బలవంతంగా పైకి నెడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

కదలని ఇంజను అంటే మన మిస్త్రీల భాషలో ‘పట్టేసిన’ ఇంజను. ఇందుకు కారణం సాధారణంగా పిస్టన్ రింగులకూ సిలిండరు గోడకూ మధ్య ఏర్పడిన తుప్పు. నాజిళ్ళు విప్పి ప్రతి సిలిండరులోనూ డీజిలు, పలుచని నూనె కలిపి పోసి కొన్ని దినాలు విడిచిపెట్టాలి. సన్నని సందులలోకి ద్రవం తనంత తానే ప్రాకుతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కేది ఈ కేశనాళిక ధర్మం వలననే. ఆ తరువాత ఫ్లైవీల్ పళ్ళ వద్ద కడ్డీతో అటు కొంచెం, ఇటు కొంచెం మెల్లగా కదిలించాలి. ట్రాక్టరును గేరులో ఉంచి మరొక వాహనంతో లాగించడం పొరపాటు. వందల కిలోల బలం ఒక్క రాడ్ మీద పడుతుంది. అప్పటికీ కదలకపోతే హెడ్ దించి చూడడమే మార్గం.

సిలిండరు లోపలి లెక్క

ఈ ఇంజను సిలిండరు వ్యాసం 91.4 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 127 మిల్లీమీటర్లు. పిల్లలు తేలికగా చేయగల లెక్క ఇది. వ్యాసార్ధం 4.57 సెంటీమీటర్లు. దాని వర్గం సుమారు 20.9. దానిని 3.1416తో గుణిస్తే వృత్త వైశాల్యం 65.6 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. దానిని 12.7తో గుణిస్తే ఒక్క సిలిండరుకు 833 ఘనపు సెంటీమీటర్లు, మూడింటికి కలిపి సుమారు 2,500. అనగా రెండున్నర లీటర్ల ఇంజను. దీని శక్తి సుమారు 45 అశ్వశక్తి.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని సుమారు 18వ వంతుకు కుదించడం వలన పుట్టే వేడే డీజిలును అంటిస్తుంది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. అదే సూత్రం ఇక్కడ తీవ్రరూపంలో ఉన్నది. 27 డిగ్రీల వద్ద లోపలికి వచ్చిన గాలిని అంతగా కుదిస్తే, వేడి బయటికి పోకపోతే, ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటుతుంది. డీజిలు దానంతట అది అంటుకోవడానికి అందులో సగం వేడి చాలు. అయితే రింగులు అరిగి గాలి క్రిందికి జారిపోతే కుదింపు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, ఇంజను అంటుకోదు. ‘కంప్రెషన్ లేదు’ అని మిస్త్రీ చెప్పే మాటలోని శాస్త్రం ఇదే.

హెడ్ దించిన తరువాత సిలిండరు పై అంచు వద్ద వేలితో తడిమి చూస్తే ఒక గట్టు తగులుతుంది. పై రింగు చేరే చోటికి పైనున్న గోడ అరగదు, క్రింది గోడ అరుగుతుంది. ఆ తేడాయే గట్టు. కార్ఖానావారు బోరు గేజితో పైన, మధ్య, క్రింద కొలిచి చెబుతారు. అరుగుదల పావు మిల్లీమీటరుకు చేరువైతే కొత్త స్లీవులు వేయించవలసిందే. ఈ ఇంజనులో ఉండేవి పలుచని పొడి స్లీవులు. అంటే వాటి వెలుపలి గోడకు నీరు నేరుగా తగలదు. కాబట్టి అవి బ్లాకులో బిగువుగా కూర్చోవాలి. సందు మిగిలితే వేడి బయటికి పోదు. ఇది ప్రెస్సు మీద చేసే పని. సుత్తితో కొట్టి దింపడం తగదు.

దుమ్ము అనే శత్రువు

ఎడారిలో ఇంజనుకు ప్రధాన శత్రువు వేడి కంటే దుమ్మే. ఇసుకలోని స్ఫటికం మోస్ కాఠిన్య మానంపై 7వ స్థానంలో ఉన్నది. సిలిండరు ఇనుము దానికంటే మెత్తన. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే మొత్తం ఇంజను నిమిషానికి సుమారు 2,500 లీటర్లు, గంటకు 150 ఘనపు మీటర్ల గాలి లోపలికి తీసుకుంటుంది. గాలిలో ఘనపు మీటరుకు ఒక్క గ్రాము దుమ్ము ఉన్నదనుకున్నా, వడపోత లేకపోతే గంటకు 150 గ్రాములు లోపలికి చేరుతుంది. అది నూనెలో కలిసి గరుకు కాగితం వలె పనిచేస్తుంది.

దీనికి నాటి ఇంజనీర్లు కల్పించిన ఉపాయం నూనె గిన్నె గల గాలిశుద్ధి పరికరం. పైనుండి వచ్చిన గాలి నూనె ఉపరితలం వద్ద ఒక్కసారిగా వెనుదిరుగుతుంది. తేలికైన గాలి మళ్ళుతుంది, బరువైన రేణువు తన వేగంతో నేరుగా పోయి నూనెలో పడుతుంది. బస్సు మలుపు తిరిగినప్పుడు ప్రయాణికుడు ప్రక్కకు ఒరిగేది కూడా ఈ జడత్వం వలననే. నూనెను గుర్తు వరకే పోయాలి. ఎక్కువైతే ఇంజను ఆ నూనెనే పీల్చి ఇంధనంగా మండించుకొని అదుపు తప్పే ప్రమాదం ఉన్నది. శుద్ధి పరికరానికీ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని తప్పక మార్చాలి. ఎండకు బీటలు వారిన ఆ గొట్టం గుండా వడపోతకు అందని దుమ్ము లోపలికి పోతుంది. స్లీవులకు వందల రియాళ్ళు వెచ్చించి, కొద్ది రియాళ్ళ గొట్టాన్ని విస్మరిస్తే ఆ ఖర్చంతా దుమ్ము పాలు.

తుప్పు, చెలమ నీటి ఉప్పు

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. రియాద్ ప్రాంతపు వేసవి గాలిలో తేమ బహు తక్కువ. అందుచేత అక్కడ దొరికే పాత ట్రాక్టరు రేకులు తరచు ఆశ్చర్యకరంగా బాగుంటాయి. కాని రబ్బరు, వైర్ల తొడుగులు ఎండకు పొడి పొడిగా రాలిపోతాయి. దమ్మాం, జుబైల్ వంటి తీరప్రాంతాలలో స్థితి తారుమారవుతుంది. సముద్రపు తేమ, ఉప్పు కలిసి రేకును తినివేస్తాయి. కొనేవారు బండి ఏ ఊరిలో నిలిచి ఉన్నదో అడిగి తెలుసుకోవడం అందుకే.

చిన్న భాగాల తుప్పును విద్యుత్తుతో తొలగించవచ్చు. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి. తుప్పు పట్టిన భాగాన్ని 12 వోల్టుల చార్జరు ఋణ ధ్రువానికి, ఒక పాత ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలిపి, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. తుప్పు పట్టిన భాగం మీద హైడ్రోజన్ బుడగలు పుట్టి తుప్పును వదులు చేస్తాయి. కొంత తుప్పు నల్లని ఆక్సైడుగా మారి బ్రష్షుతో రాలిపోతుంది. మంచి ఇనుము చెక్కుచెదరదు. హైడ్రోజన్ మండే వాయువు కనుక ఈ పని ఆరుబయటనే చేయాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు పుడతాయి. అల్యూమినియం భాగాలను ఈ తొట్టిలో వేస్తే కరిగిపోతాయి. ఈ మూడు నిబంధనలు పిల్లలకు ముందే చెప్పాలి.

ఇక రేడియేటరు. లోతైన బావుల నీటిలో సున్నపు లవణాలు హెచ్చు. కాచిన నీటి గిన్నె అడుగున చేరే తెల్లని పొర వంటిదే ఇంజను లోపలా చేరుతుంది. ఆ పొర వేడిని ఇనుము కన్నా ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. దానివలన నీరు చల్లగా ఉన్నట్లు గేజి చూపుతున్నా సిలిండరు గోడ మాడుతూ ఉండవచ్చు. నిమ్మ ఉప్పు ద్రావణంతో దానిని కడిగి, పిమ్మట బావి నీటికి బదులు శుద్ధి చేసిన నీటిలో కూలెంటు కలిపి పోయాలి. కూలెంటు గడ్డకట్టే చలికి మాత్రమే అవసరమన్నది అపోహ. తుప్పును ఆపడం, మరుగు స్థానాన్ని పెంచడం కూడా దాని పనులే.

ముట్టరాని భాగం

తాను నేర్చుకొని చేయవచ్చునన్న ధైర్యం ఒక్క చోట పనికిరాదు. అది డీజిలు పంపు. దానిలోని జత భాగాల మధ్య ఎడం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. తలవెంట్రుక మందం అంతకు పదుల రెట్లు. నాజిలు సుమారు 170 అట్మాస్ఫియర్ల పీడనం వద్ద తెరుచుకొని డీజిలును మంచుతుంపర వలె చిమ్ముతుంది. ఒక్క ఇసుక రేణువు చాలు, ఆ జత పాడవడానికి. అందుచేత పంపును బయట శుభ్రంగా కడిగి, గొట్టాల మూతలు బిగించి, పరీక్షా యంత్రమున్న పంపు కార్ఖానాకు అప్పగించాలి. విప్పక ముందు పంపు, ఇంజను కలిసే చోటున్న గుర్తులను వ్రాసుకోవాలి. లేనిచో తిరిగి బిగించినప్పుడు డీజిలు చిమ్మే వేళ తప్పుతుంది.

ఈ తుంపర చేతికి తగిలితే చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న సూది పోటు వలె కనబడినా, లోపల కణజాలం చచ్చిపోతుంది. వెంటనే ఆసుపత్రికి చేరకపోతే వేలు, చేయి పోవచ్చు. హైడ్రాలిక్ గొట్టాల లీకునూ వేలితో తడిమి చూడరాదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

వేడిచేసి వదులు చేయుట

ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ళ చక్రం అరిగితే స్టార్టరు పట్టు జారుతుంది. ఆ చక్రాన్ని ఊడదీయడం, ఎక్కించడం భౌతికశాస్త్ర పాఠమే. ఉక్కు డిగ్రీకి పది లక్షలలో 12 వంతులు వ్యాకోచిస్తుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రాన్ని 200 డిగ్రీలు అధికంగా వేడిచేస్తే దాని వ్యాసం 0.72 మిల్లీమీటరు పెరుగుతుంది. వేడి చక్రం చల్లని ఫ్లైవీల్ మీద చేతితో జారవిడిస్తే కూర్చుంటుంది. చల్లారగానే విడదీయరాని బిగువు వస్తుంది. మన పల్లెలలో కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కించే పద్ధతి అక్షరాలా ఇదే. పట్టాను నిప్పులలో కాల్చి, చెక్కచక్రానికి తొడిగి, నీళ్ళు చల్లే దృశ్యం చూసిన పెద్దలు తమ పిల్లలకు ఈ సామ్యాన్ని వివరించగలరు.

ఈ ట్రాక్టరుకు విడిగా చాసిస్ లేదు. ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగించబడి, అవే వెన్నెముకగా నిలుస్తాయి. దీర్ఘకాలం నిలిచిన బండిలో క్లచ్చి పలక ఫ్లైవీల్‌కు అంటుకుపోవడం సాధారణం. దానిని చూడాలంటే ట్రాక్టరును నడుము వద్ద విడదీయవలసిందే. జాకీల మీద మాత్రమే ఆధారపడి ఈ పని చేయరాదు. రెండు వైపులా గట్టి దిమ్మలు పెట్టి, ముందు ఇరుసు ప్రక్కకు ఒరగకుండా చెక్క ఆప్పులు బిగించి, కార్ఖానావారి పర్యవేక్షణలోనే చేయాలి. పాత క్లచ్చి, బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం హెచ్చు. కాబట్టి ఆ పొడిని గాలితో ఊదక, తడిగుడ్డతో తుడవాలి.

మొదటి పలుకు

అన్నీ బిగించిన తరువాత స్టార్టు చేయడానికీ ఒక క్రమం ఉన్నది. బ్యాటరీ కలిపే ముందు ఏ ధ్రువం బండి శరీరానికి కలిపి ఉన్నదో చూడాలి. కొన్ని పాత బ్రిటిష్ ట్రాక్టర్లలో ధన ధ్రువమే శరీరానికి కలిపి ఉండేది. కొత్త నూనె పోసి, ఇంజను ఆపే మీటను లాగి ఉంచి, నూనె పీడనం గేజిలో కనబడేవరకు స్టార్టరుతో విడతలుగా తిప్పాలి. దీనివలన బేరింగులకు నూనె ముందే చేరుతుంది. ఆ తరువాత డీజిలు గొట్టాలలోని గాలిని వెళ్ళగొట్టాలి. ముందు ఫిల్టరు వద్ద, తరువాత పంపు వద్ద, చివర నాజిళ్ళ వద్ద స్క్రూలు వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చేవరకు చేతి పంపు కొట్టాలి. గాలి కుదించుకుపోతుంది కనుక గొట్టంలో గాలి ఉన్నంతవరకు నాజిలు తెరుచుకునే పీడనం రాదు. ‘ఎయిర్ పట్టింది’ అనే మాటకు అర్థం ఇదే.

స్టార్టు చేసే వేళ గాలిగొట్టం ప్రక్కన ఒక చదునైన చెక్కపలకను సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంజను అదుపు తప్పి వేగం పెరిగిపోతే ఆపే మీట పనిచేయకపోవచ్చు. గాలిని మూయడమొక్కటే అప్పుడు శరణ్యం. చేయి అడ్డుపెట్టరాదు. పలకనే వాడాలి. పిల్లలను పది అడుగుల దూరంలో నిలపాలి.

ఇంజను పలికిన తరువాత సంతోషంతో పొలంలోకి పరుగెత్తించడం తగదు. కొత్త రింగులు సిలిండరు గోడకు ఒదగాలంటే ఓ మోస్తరు బరువు మీద, మారుతూ ఉండే వేగంతో కొన్ని గంటలు నడపాలి. బరువు లేకుండా ఎక్కువసేపు నిలిపి నడిపితే రింగులు ఒదగవు. తొలి నూనెను త్వరగా మార్చి, వడకట్టి చూస్తే లోపలి స్థితి తెలుస్తుంది. నూనెలో మెరిసే రాగిరంగు పొడి కనబడితే బేరింగు మాట్లాడుతున్నదని అర్థం.

వెనుక తిరిగే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. లుంగీ, చున్నీ, తోబ్ అంచు దానికి చిక్కితే విడిపించుకునే వ్యవధి మనిషికి ఉండదు. షాఫ్టు మీది కవచం పోయి ఉంటే ట్రాక్టరును పనికి దింపరాదు. అలాగే పాత ట్రాక్టర్లకు బోల్తా పడినప్పుడు నడిపేవానిని కాపాడే ఇనుప చట్రం ఉండదు. కొత్త ట్రాక్టర్లకు అటువంటి రక్షణను స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది. ఎరుపు రంగు మెరుపు కన్నా ముందు ఈ చట్రానికి, బెల్టుకు డబ్బు కేటాయించడం వివేకం.

ఖాతా పుస్తకం

ప్రతి విప్పిన భాగానికీ ఒక చీటీ కట్టి, ప్రతి కొలతనూ ఒక పుస్తకంలో వ్రాయడం ఈ పనికంతటికీ ఆధారం. ఏ బోల్టు ఎక్కడిది, ఏ షిమ్ము ఎంత మందం, ఏ తేదీన ఏ నూనె పోసినది, ఏ కార్ఖానాలో ఏ పని జరిగినది అన్నీ అందులో ఉండాలి. విడిభాగాలు కొనేటప్పుడు పేరు చెప్పి అడగక, ఇంజను మీది నంబరు చూపి అడగాలి. భారతదేశంలో తయారైన భాగాలు కొన్ని ఈ ఇంజనుకు సరిపోతాయి, కొన్ని సరిపోవు. పాత భాగాన్ని ప్రక్కన పెట్టి కొలిచి చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి.

సనాయియాలో లేతు ముందు నిలబడి పనిచేసే కార్మికులలో చాలామంది ఈ విద్యను పుస్తకాలలో చదవలేదు. గురువు ప్రక్కన కూర్చొని, శబ్దం విని, వేలితో తడిమి నేర్చుకున్నారు. ఏ చప్పుడు పిస్టన్ పిన్నుదో, ఏ చప్పుడు వాల్వుదో వారు కళ్ళు మూసుకొని చెప్పగలరు. ఆ జ్ఞానం వ్రాతలోకి రాకపోతే వారు స్వదేశం చేరిన నాడు అది కూడా చెదిరిపోతుంది. చదువుకున్న పిల్లలు వారి ప్రక్కన నిలిచి, వారు చెప్పినదాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తే ఉభయులకూ లాభం. మిస్త్రీకి తన చేతి పనిలోని సూత్రం పేరు తెలుస్తుంది, విద్యార్థికి సూత్రం చేతికి తగులుతుంది. ఆ పుస్తకం రేపు కరీంనగర్‌లోనో కడపలోనో, షెడ్డులో మూలుగుతున్న మరొక సింప్సన్ ఇంజను ముందు తెరుచుకోవచ్చు.